తనలో ఒకటి, పైకి ఒకటి

విజయనగరం కోట దగ్గర బొంకుల దిబ్బ ఉంది. ఆ పేరులోనే బొంకు వినిపిస్తుంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకానికి తెర అక్కడే లేపారు. గిరీశం ఒంటరిగా వస్తాడు. సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న డబ్బు హారతి కర్పూరమైపోయింది. ఊళ్లో అప్పులవాళ్లు వెతుకుతున్నారు. ఇక మకాం ఎత్తెయ్యక తప్పదు. ఇదంతా అతను తనలో అనుకుంటూ ఉంటే మనం వింటాం. అంతలో శిష్యుడు వెంకటేశం వస్తాడు. గిరీశం గొంతు మారిపోతుంది. పరీక్ష తప్పి, తండ్రికి మొహం ఎలా చూపించాలో తెలియక బిక్కచచ్చిన కుర్రాడికి అభయం దొరుకుతుంది. తాను కూడా అగ్రహారానికి వస్తాడట, సెలవుల్లో చదువు చెబుతాడట!

నాటకం చూస్తున్న మనకు రెండు మాటలూ వినిపిస్తాయి. తనలో అనుకున్నదీ, పైకి అన్నదీ. వెంకటేశానికి ఒక్కటే వినిపిస్తుంది. ఎదుటివాళ్లను మన దారికి తెచ్చుకోవడం అనే విద్య మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ప్రయోగాలు చేస్తున్నారు. ఆ ప్రయోగాలు చదివిన ప్రతిసారీ నాకు ఈ రెండు మాటలే గుర్తొస్తాయి. లోపలి మాటా పైకి అనే మాటా ఒకటే అయితే అది ఒప్పించడం. వేరైతే అది బుట్టలో వేయడం. రెండింటిలో వాడే పనిముట్లు చాలావరకు ఒకటే. అందుకే ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

భాష ముందే గీసిన గీత

మన భాషకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. నచ్చజెప్పడం, ఒప్పించడం, బతిమాలడం ఒక వైపు. ములగచెట్టు ఎక్కించడం, బురిడీ కొట్టించడం, టోపీ పెట్టడం ఇంకో వైపు. ఒప్పించినప్పుడు ఒప్పుకునే మనిషి ఒకడు ఎదురుగా ఉంటాడు. బుట్టలో వేసినప్పుడు వాడు మనిషి కాదు, వస్తువు. సామ దాన భేద దండోపాయాలని పెద్దలు వరస చెప్పినప్పుడు మాటను అన్నిటికంటే ముందు పెట్టారు, కర్రను చివర పెట్టారు.

ఇతరులను మార్చాలనుకోవడం తప్పు కాదు. అన్నం తినని పిల్లకు చందమామను చూపించే తల్లి చేసేది అదే. టీకా వేయించడానికి భయపడుతున్న ఇంటికి నాలుగోసారి వెళ్లే ఆశా కార్యకర్త చేసేదీ అదే. పశువుల సంతలో తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునే దళారులది కూడా ఎదుటివాణ్ని తన అంకెకు తెచ్చుకునే ప్రయత్నమే. కానీ ఆ తువ్వాలు కింద అంకె చుట్టూ చేరినవాళ్లకు కనిపించదు గానీ, బేరమాడే ఇద్దరికీ తెలుస్తుంది. బేరం అని తెలిసి ఆడే బేరంలో మోసం లేదు. బేరం జరుగుతోందని ఒకడికే తెలిసినప్పుడు గొడవ మొదలవుతుంది.

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ చాల్డీని ఈ విద్యను దగ్గరగా చూడటానికి సుమారు మూడేళ్లు అమ్మకందార్ల మధ్య గడిపాడు. పాత కార్లు అమ్మేవాళ్ల దగ్గర, విరాళాలు వసూలు చేసేవాళ్ల దగ్గర, ప్రకటనల వాళ్ల దగ్గర పని నేర్చుకునేవాడిలా చేరాడు. 1984లో వచ్చిన ఆయన పుస్తకం ఆరు మీటలను లెక్కకట్టింది. ఇచ్చినవాడికి తిరిగి ఇవ్వాలనిపించడం, అన్నమాట మీద నిలబడాలనుకోవడం, నలుగురి బాట పట్టడం, నచ్చినవాడి మాట వినడం, అధికారం ఉన్నవాడికి తల వంచడం, దొరకదేమోనన్నదాని మీద ఆశ పెరగడం. 2016లో ఇంకొకటి కలిపాడు: వీడు మనవాడే అన్న భావన. మీట ఎక్కడుందో తెలిసినవాడు తలుపు తియ్యగలడు. లోపలికి వచ్చి ఏం చేస్తాడన్నది వాడి బుద్ధిని బట్టి ఉంటుంది.

అగ్రహారంలో ఒక ప్రయోగశాల

ఇప్పుడు గిరీశం వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి వెళదాం. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఇంగ్లీషు చదువంటే మండిపడే మనిషి. కొడుకు చదువుకు డబ్బు పోస్తున్నందుకే ఆయనకు కడుపుమంట. పైగా ఇంటికి ఈ కొత్త మనిషి ఒకడు. ఇలాంటి ఇంట్లో గిరీశం ఒక పూటలో కుదురుకుంటాడు. ఎలా?

ముందు బంధుత్వం కలుపుతాడు. అవధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇచ్చి డబ్బు పుచ్చుకోవాలని చూస్తున్నాడు. ఆ లుబ్ధావధాన్లు గిరీశానికి అన్న వరస. ఆ ముక్క చెప్పగానే పరాయివాడు కాస్తా మనవాడైపోతాడు. తర్వాత అవధాన్లు బలహీనతను పట్టుకుంటాడు. ఆయనకు వ్యాజ్యాల పిచ్చి. గిరీశానికి ఇంగ్లీషు వచ్చు. కోర్టు కాగితాల్లో సాయం చేస్తానంటాడు. ఏ ఇంగ్లీషును తిట్టుకుంటూ కూర్చున్నాడో ఆ ఇంగ్లీషే ఆయనకు అక్కరకు వచ్చేలా చేస్తాడు. తనకు ఏం కావాలో ఒక్క ముక్క కూడా అడగడు. ముందు ఇస్తాడు.

ఈ 'ముందు ఇవ్వడం' ఎంత బలమైనదో 1971లో డెనిస్ రీగన్ చేసిన ప్రయోగంలో తేలింది. ఇద్దరు కూర్చుని ఒక పని చేస్తుంటారు. వాళ్లలో ఒకడు నిజానికి ప్రయోగం చేసేవాళ్ల మనిషి. విరామంలో బయటికి వెళ్లి రెండు కోకాకోలా సీసాలతో వస్తాడు, ఒకటి రెండోవాడికి ఇస్తాడు. కాసేపటికి తన దగ్గరున్న లాటరీ టికెట్లు కొనమని అడుగుతాడు. శీతల పానీయం తాగినవాళ్లు, తాగనివాళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపు టికెట్లు కొన్నారు. ఇంకో విశేషం ఉంది. ఏమీ ఇవ్వనప్పుడు, అడిగినవాడు నచ్చినవాళ్లే ఎక్కువ కొన్నారు. సీసా ఇచ్చాక నచ్చడం, నచ్చకపోవడం లెక్కలోకి రాలేదు. బాకీ పడ్డామన్న భావన ఇష్టాయిష్టాలను మింగేసింది.

మనం దీన్ని మొహమాటం అంటాం. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బట్టల కొట్టుకు వెళ్లండి. పరుపు మీద కూర్చోబెడతారు. మంచినీళ్లు వస్తాయి, చల్లటి డ్రింకు వస్తుంది. ఒక చీర అడిగితే ముప్ఫై చీరలు మడతలు విప్పి గుట్ట పోస్తారు. కొట్టు కుర్రాడి నుదుటి మీద చెమట కనిపిస్తుంది. కొనకపోయినా పర్వాలేదమ్మా, చూడండి అంటాడు. ఇంత చేయించి ఉత్త చేతులతో ఎలా లేస్తాం? చీర నచ్చి కొన్నామా, చెమట చూసి కొన్నామా అన్నది ఇంటికి వచ్చి పెట్టె తెరిచాక గానీ తెలియదు.

గిరీశం రెండో ఎత్తు చిన్న అడుగు. అతను ఒక్కసారే పెద్ద కోరిక కోరడు. చదువు చెప్పేవాడిగా వచ్చి, సలహాదారై, ఇంటి మనిషై, అక్కడినుంచి అవధాన్లు పెద్ద కూతురు బుచ్చమ్మ దగ్గరికి చేరతాడు. 1966లో జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఇంటింటికీ వెళ్లి, జాగ్రత్తగా బండి నడపండి అన్న పెద్ద బోర్డు మీ ఇంటి ముందు పెడతాం అని అడిగారు. ఇల్లు సగం కప్పేసే వికారమైన బోర్డు అది. నూటికి 17 మందే సరేనన్నారు. ఇంకో గుంపు దగ్గరికి రెండు వారాల ముందు వెళ్లి, అదే విషయం మీద మూడంగుళాల చిన్న కాగితం కిటికీకి అంటించుకోమన్నారు. అదెంత పని అని అంటించుకున్నవాళ్లలో నూటికి 76 మంది తర్వాత ఆ పెద్ద బోర్డుకు కూడా ఒప్పుకున్నారు. చిన్న పనికి సరే అన్నప్పుడే, తమకు తెలియకుండానే, తామెలాంటి మనుషులో వాళ్లు తమకు తాము చెప్పుకున్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికే రెండోసారి సరే అన్నారు.

మూడోది అన్నిటికంటే సున్నితమైనది. బుచ్చమ్మ చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న పిల్ల. ఆమెతో నేరుగా పెళ్లి మాట ఎత్తితే బెదిరిపోతుంది. అందుకని వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనన్న వాదన వెంకటేశానికి పాఠం చెబుతున్న మిషతో ఆమె చెవిన పడేస్తాడు. 1962లో ఎలైన్ వాల్‌స్టర్, లియాన్ ఫెస్టింగర్ సరిగ్గా దీన్నే పరీక్షించారు. మనకోసం అన్న మాట కంటే, మనం వింటున్నామని తెలియనివాడు అన్నట్టుగా చెవిన పడ్డ మాట ఎక్కువ పనిచేస్తుందని చూపించారు. అందులోనూ ఆ విషయం తమ బతుకుకు సంబంధించినదైతే మరీను. కారణం తేలికే. మనల్ని మార్చాలని వచ్చిన మాటకు మనసు ముందే తలుపు వేసుకుంటుంది. దారిన పోయే మాటకు తలుపు ఎవరు వేస్తారు? ఈ ప్రయోగానికి 70 ఏళ్ల ముందే, 1892లో, విజయనగరంలో ఆడిన నాటకంలోని మోసగాడికి ఈ కిటుకు తెలుసు. మనిషిని అంత దగ్గరగా చూసిన కన్ను గురజాడది.

ఇక్కడ బుచ్చమ్మను గానీ అవధాన్లును గానీ తెలివితక్కువవాళ్లు అనుకుంటే పొరపాటు. మొహమాటం లేని ఊళ్లో బదులు పుట్టదు. అన్నమాట మీద నిలబడేవాళ్లు లేకపోతే చీటీ నడవదు, నాట్లకు మనుషులు రారు. డాక్టరు మాట వినకపోతే ప్రాణం నిలవదు. పొద్దున్న లేచిన దగ్గరనుంచి ప్రతి మాటనూ తూచి, ప్రతి మనిషినీ విచారించి నిర్ణయం తీసుకోవాలంటే సాయంత్రానికి ఒక పని కూడా కాదు. అందుకని మనసు అడ్డదారులు వేసుకుంది. అవి చాలాసార్లు మనల్ని సరైన చోటికే చేరుస్తాయి. మోసగాడు మన చెడ్డ గుణాలను వాడుకోడు. మంచి గుణాలనే వాడుకుంటాడు. అసలు బాధ అక్కడే ఉంది.

మంచి పనికి అబద్ధం పనికొస్తుందా?

'కన్యాశుల్కం'లో రెండో నాటకం ఒకటి లోపల నడుస్తుంది. సుబ్బి మేనమామ కరటక శాస్త్రి ఆ పిల్లను ముసలివాడి పాలు కాకుండా కాపాడాలనుకుంటాడు. ఇంతకంటే మంచి ఆశయం ఏముంటుంది? తన శిష్యుడికి ఆడవేషం వేసి, వేశ్య మధురవాణి సాయంతో, లుబ్ధావధాన్లుకే పెళ్లికూతురిగా అంటగడతాడు. పథకం పారుతుంది. సుబ్బి పెళ్లి ఆగిపోతుంది. శిష్యుడు వేషం తీసేసి మాయమవుతాడు.

అక్కడితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. పెళ్లికూతురు కనిపించకపోయేసరికి లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. లోభి కావచ్చు, పసిపిల్లను కొనుక్కోబోయినవాడు కావచ్చు, హంతకుడు మాత్రం కాదు. మంచికోసం ఆడిన అబద్ధం ఒక మనిషిని ఉరికంబం దాకా తీసుకెళ్లేలా ఉంది. విడిపించే దారి ఒక్కటే మిగిలింది: జరిగింది జరిగినట్టు చెప్పడం. మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి చేసేది అదే. ఆమె నోట అసలు సంగతి బయటపడగానే లుబ్ధావధాన్లు మీద కేసూ నిలవదు, గిరీశం కట్టుకున్న సంస్కర్త వేషమూ నిలవదు. బుచ్చమ్మ పూనాలోని వితంతు శరణాలయానికి, చదువుకోవడానికి వెళుతుంది.

గురజాడ గిరీశాన్ని మాత్రమే పట్టిచ్చి ఊరుకోలేదు. మనం చప్పట్లు కొట్టే కరటక శాస్త్రినీ వదల్లేదు. ఆశయం మంచిదైనంత మాత్రాన దారి మంచిదైపోదని, కప్పిపెట్టిన మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆడినవాడికి కూడా తెలియదని చూపించారు. ఊరి బాగుకోసమని చెప్పి తప్పుడు కబుర్లు పంచే ఈనాటి పెద్దలు ఈ అంకాన్ని తీరిగ్గా చదవాలి.

గురజాడ ఎంచుకున్న దారి

మరి కన్యాశుల్కం ఆచారాన్ని మాన్పించాలనుకున్న గురజాడ స్వయంగా ఏం చేశారు? ఆయన ముందు ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. ఆ వివరాలను 1897లో అచ్చయిన నాటకానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ పొందుపరిచారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. పెళ్లినాటికి 99 మంది పిల్లలకు ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. చట్టం వస్తుందన్న భయంతో చాలామంది వివరాలు చెప్పలేదు కాబట్టి ఇది పూర్తి లెక్క కూడా కాదు.

ఇంత బరువైన అంకెలు చేతిలో ఉన్నా ఆయన వాటినే నమ్ముకోలేదు. జనానికి చదివే అలవాటు ఇంకా రాలేదు కాబట్టి కొత్త ఆలోచన వాళ్ల దాకా వెళ్లాలంటే రంగస్థలమే దిక్కని ఆ ముందుమాటలోనే రాశారు. అందుకే వాడుకలో ఉన్న తెలుగులో రాశారు. జనం మీద ప్రభావం వేయాలన్న ఉద్దేశాన్ని దాచుకోలేదు. ఉద్దేశం పుస్తకం మొదటి పుటల్లోనే ఉంది.

ఉపన్యాసం కంటే నాటకం ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి ఒక పాత ప్రయోగం సాయపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మాంసం కొరత వచ్చింది. గుండె, మూత్రపిండాలు వంటి, అక్కడి ఇళ్లలో ఇష్టపడని భాగాలను వండుకునేలా గృహిణులను ఒప్పించాలి. కర్ట్ లెవిన్ కొందరికి చక్కటి ఉపన్యాసం ఇప్పించాడు. ఇంకొందరిని గుండ్రంగా కూర్చోబెట్టి, ఇబ్బందులేమిటో వాళ్ల చేతే మాట్లాడించి, నిర్ణయం వాళ్లకే వదిలేశాడు. ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి ముగ్గురు వండారు. మాట్లాడుకున్నవాళ్లలో 32 మంది వండారు. ఇతరులు చెప్పిన మాట చెవి దగ్గర ఆగిపోతుంది. తాము నలుగురిలో అనుకున్న మాట వంటింటి దాకా వెళుతుంది. నాటకం చూసి ఇంటికి నడిచి వెళ్లే దారిలో జనం చేసేది ఈ మాట్లాడుకోవడమే.

నాటకం ఇంకో పని కూడా చేస్తుంది. 1960ల మొదట్లో విలియం మెక్‌గ్వైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మశూచికి టీకా వేసినట్టు మోసపు మాటకు కూడా టీకా వేయొచ్చేమో చూశాడు. రోజూ పళ్లు తోముకోవాలన్నది ఎవరూ కాదనని మాట. దాన్ని సమర్థించే వాదనలు మాత్రమే విన్నవాళ్లు, ఎదురు వాదన గట్టిగా తగలగానే తూలిపోయారు. బలహీనమైన ఎదురు వాదనలు కొన్ని ముందే చూసి, వాటికి జవాబులు తెలుసుకున్నవాళ్లు మాత్రం నిలబడ్డారు. కేంబ్రిడ్జి పరిశోధకులు 2018లో ఇదే సూత్రంతో ఒక కంప్యూటర్ ఆట తెచ్చారు. ఆడేవాళ్లు తామే తప్పుడు వార్తలు పుట్టించేవాళ్లుగా నటించాలి. కిటుకులు లోపలినుంచి చూసినవాళ్లు తర్వాత అలాంటి వార్తలను మెరుగ్గా పసిగట్టారు.

గిరీశం తనలో అనుకునే మాటలు మనకు వినిపించడంలోని మేలు ఇదే. అతని పక్కన నిలబడి, అతను వల పన్నడం చూసి, అవధాన్లు అందులో పడటం చూసి నవ్వుకుంటాం. ఆ నవ్వుతో పాటు టీకా మందు ఒంట్లోకి వెళుతుంది. రేపు మన గుమ్మంలోకి గిరీశం వచ్చినప్పుడు, ఎక్కడో చూశామే ఇతన్ని అనిపిస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు

విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్న ఒక మిత్రుడు ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడి రాజావారి బడిలో 1880 నుంచి పంతులు ఉద్యోగం. చుట్టుపక్కల కొండల్లోని సవరలకు చదువు చెప్పాలన్నది ఆయన కోరిక. ఈ కోరికతో బయలుదేరినవాడు మామూలుగా ఏం చేస్తాడు? తెలుగు పలక, తెలుగు పుస్తకం పట్టుకుని కొండెక్కుతాడు. పిల్లలు రాకపోతే వాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదంటాడు.

గిడుగు మొదట తానే విద్యార్థి అయ్యారు. తెలుగు కూడా వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. ముండా కుటుంబానికి చెందిన ఆ భాష తెలుగుకు చుట్టం కాదు. మాట కట్టు వేరు, పలుకు వేరు. గూడేలు తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయిందంటారు. వినడం కోసం అంత కష్టపడిన మనిషికి చివరికి చెవుడు మిగిలింది. సవర పాఠాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

చాల్డీని పట్టికలోని మీటలు ఇక్కడ కూడా ఉన్నాయి. ముందు ఇవ్వడం ఉంది, మనవాడనిపించుకోవడం ఉంది. గిరీశం అవధాన్లుతో బంధుత్వం కలిపినట్టే గిడుగు సవరలతో భాష కలిపారు. కానీ ఈ మాస్టారు తనలో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనలేదు. ఆయన లోపలి మాటను ఏ సవర పెద్దాయనకు వినిపించినా ఆ బంధం చెడేది కాదు.

తెలుగు వాడుక భాష కోసం చేసిన పోరాటంలో కూడా ఆయన పద్ధతి ఇదే. 1900ల తొలి దశాబ్దంలో బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ.యేట్స్ దొరకు ఒక సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని. ఆ ప్రశ్న గురజాడ, గిడుగుల దగ్గరికి వచ్చింది. తర్వాత గిడుగు జీవితమంతా ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నారు. పండితులను తిట్టి గెలవాలని చూడలేదు. వాళ్లు ప్రమాణమని నమ్మే చోటికే వెళ్లారు. పాత శాసనాలు, తాటాకు పుస్తకాలు, పూర్వుల వచనం మూటగట్టి సభలకు మోసుకెళ్లి, ఇదిగో ఇక్కడ మన పెద్దలు వాడుక రూపాలే రాశారని పుట తీసి చూపించారు. గ్రాంథికమే రాస్తున్నామనుకునేవాళ్ల రాతల్లోనే ఆ వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులున్నాయో 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'లో ఎత్తిచూపారు. కాదనేవాళ్లు అదే పుస్తకం తెరిచి సరిచూసుకోవచ్చు. సరిచూసుకునే దారి ఎదుటివాడి చేతికి ఇవ్వడం మోసగాడు ఎప్పటికీ చేయలేని పని.

అయినా పండితులు వెంటనే మారలేదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికపై గురజాడ తన అసమ్మతి పత్రాన్ని రాయవలసి వచ్చింది. మరుసటి ఏడు నవంబరు 30న ఆయన కన్నుమూశారు. గిడుగు ఆగలేదు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దాని అధ్యక్ష స్థానంలో ఎవరున్నారో తెలుసా? గ్రాంథిక రచనలో చెయ్యితిరిగిన కందుకూరి వీరేశలింగం. జీవితం చివరి నెలల్లో అంత పెద్దాయన వాడుక భాష వైపు నిలబడ్డారు.

ఆ ఒక్క పెద్దాయన నిలబడటం ఎందుకంత ముఖ్యమో సాలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాలు చెబుతాయి. గీతల పొడవు పోల్చాలి. పసిపిల్లవాడు కూడా చెప్పగల జవాబు. కానీ గదిలో ఉన్న మిగతావాళ్లంతా కూడబలుక్కుని తప్పు చెబుతారు. అప్పుడు అసలు మనిషి మూడింట ఒకసారి తన కంటిని కాదని మంది మాటే చెప్పాడు. గదిలో ఇంకొక్కరు నిజం చెప్పారా, ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. నలుగురి బాట అన్న మీటకు విరుగుడు రెండో గొంతు. ఒంటరి గొంతు పిచ్చిగా వినిపిస్తుంది. రెండో గొంతు కలిస్తే అది పక్షం అవుతుంది.

నేటి బొంకుల దిబ్బ

ఇప్పుడు గిరీశాలు అగ్రహారాలకు నడిచి రానక్కర్లేదు. ఫోను చాలు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, వెనక గోడకు పటం, బల్ల మీద ఫైళ్లు. మీ పేరుతో వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందంటారు, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారంటారు. నిజానికి మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. అయినా బాగా చదువుకున్నవాళ్లు కూడా జీవితాంతం దాచుకున్న పింఛను డబ్బు పంపేస్తున్నారు.

ఇందులో మూడు మీటలు ఒకేసారి నొక్కుతారు. మొదటిది అధికారం. 1963లో స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రచురించిన ప్రయోగంలో, ప్రయోగశాల కోటు వేసుకున్న మనిషి కొనసాగించమంటే 40 మందిలో 26 మంది ఎదుటి గదిలోని మనిషికి అత్యధిక విద్యుదాఘాతం ఇస్తున్నామనుకుంటూనే మీట నొక్కారు. షాక్ నిజంది కాదు, నొక్కినవాళ్ల చెమట మాత్రం నిజం. రెండోది తొందర. గంటలో తేల్చకపోతే జైలంటారు. మూడోది, అన్నిటికంటే కీలకమైనది, ఒంటరితనం. గది తలుపు వేసుకోమంటారు. కాల్ కట్ చేయొద్దంటారు. భార్యకు కూడా చెప్పొద్దంటారు. రెండో గొంతు గదిలోకి వస్తే తమ పని అయిపోతుందని వాళ్లకు ఆష్ చదవకుండానే తెలుసు.

2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పినది కూడా ఇదే: ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే 1930 నంబరుకు ఫోన్ చేస్తే బదిలీని ఆపే అవకాశం ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉండి, అమ్మానాన్నలు మాత్రమే మిగిలిన ఇళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. పండక్కి వచ్చినప్పుడు కొత్త ఫోనుతో పాటు ఒక మాట కూడా ఇచ్చి వెళ్లండి. ఎవరికీ చెప్పొద్దు అన్న మాట వినిపిస్తే, వెంటనే ఎవరికో ఒకరికి చెప్పాలని.

వదిలేసి గెలవడం

ఇవన్నీ తెలుసుకున్నాక ఎవరినీ ఏమీ అడగకూడదేమో అనిపించొచ్చు. అది కూడా తప్పే. పొలం గట్టు తగాదా తీరాలన్నా, పిల్లను పై చదువుకు పంపాలన్నా, ఊరి చెరువు పూడిక తీయించాలన్నా ఎవరో ఒకరు ఇంకొకరిని ఒప్పించాలి. దానికి శాస్త్రం చూపించిన తిన్నని దారులు చాలా ఉన్నాయి. అందులో నాకు చాలా ఇష్టమైనది 2000లో ఫ్రాన్సులో నికొలా గెగాన్, అలెగ్జాండర్ పాస్కల్ చేసిన చిన్న ప్రయోగం. వీధిలో వెళ్లేవాళ్లను బస్సు చార్జీకి చిల్లర అడిగారు. నూటికి పదిమంది ఇచ్చారు. అదే మాట అడిగి, ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం అని కలిపితే 47 మందికి పైగా ఇచ్చారు.

మన బట్టల కొట్టు కుర్రాడు కొనకపోయినా పర్వాలేదమ్మా అనేది ఇదే మాట. అది ఎత్తుగడా, మర్యాదా అన్నది మనం నిజంగా కొనకుండా లేచినప్పుడు అతని మొహం చూస్తే తెలుస్తుంది. తలుపు తెరిచే ఉంచానని చెప్పి, తెరిచే ఉంచినవాడి మాట నమ్మొచ్చు. చెప్పి, గడియ పెట్టినవాడు గిరీశమే.

అందుకే ఎవరినైనా మన దారికి తెచ్చుకోవాలనుకున్నప్పుడు నాటకం రాసినట్టు రెండు వాక్యాలు రాసి చూసుకోవాలి. ఒకటి తనలో అనుకునేది, ఇంకోటి పైకి అనేది. లోపలి వాక్యాన్ని ఆ మనిషికే చదివి వినిపిస్తే అప్పుడు కూడా సరే అంటాడా? గిడుగు మాస్టారి సవర బడి ఈ పరీక్షకు నిలబడుతుంది. పుట తెరిచి చూపించిన శాసనం నిలబడుతుంది. టీకా వేయమని నాలుగోసారి గుమ్మం ఎక్కిన ఆశా కార్యకర్త మాట నిలబడుతుంది.

గిరీశం మాట నిలవదు. అతని కోట కూలడానికి సైన్యం అక్కర్లేకపోయింది. మధురవాణి ఒక్కత్తీ వచ్చి, అతను తనలో దాచుకున్నదాన్ని పైకి చదివేసింది.